గీతల పెట్టె

మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. వరంగల్ కొత్తవాడ సందుల్లో మగ్గాల చప్పుడు కూడా తడిసి బరువెక్కినట్టుంది. ఆదివారమే కదా అని సిద్దిరాములు నిమ్మళంగా అరుగు మీద కూర్చుని, స్తంభానికి అద్దం ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో అతని చెవి పక్కన ఇంకో ముఖం కనబడింది. తలమీద యూరియా సంచి ముసుగేసుకున్న ఆడమనిషి. బ్లేడు చెంప మీదే ఆగిపోయింది.

ఆమె మల్లక్క, కట్టయ్య భార్య. ఏడాది కింద, సరిగ్గా ఇలాంటి వానల్లోనే, కట్టయ్య నౌకరి పోయింది. పోయిందనడం మన మర్యాద. తీసేశారు. తీసేయడానికి ఆధారమైన కాగితం మీద సంతకం సిద్దిరాములుది.

మట్టెవాడలో కిషన్ రావు గారు నడిపే టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుండేది. రెండు పెంకుటిళ్లు, వెనక ఒక రేకుల షెడ్డు, ముందు గోడ మీద మాత్రం ఆర్భాటంగా పెద్ద బోర్డు. బోర్డు చూసి వచ్చినవాళ్లకు షెడ్డు చూశాక కాస్త ఉసూరుమనేది. అయినా అక్కడ రేడియో పని నేర్చుకున్నవాళ్లు ఊరూరా దుకాణాలు పెట్టుకుని బతికారు. ఆ షెడ్డులో ల్యాబు మెకానిక్ సిద్దిరాములు. కట్టయ్య అక్కడే అటెండరు. సిద్దిరాములుకు పని వచ్చు. వచ్చునన్న సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు.

"పొద్దున్నే నర్సంపేట బస్సెక్కి అచ్చిన అన్నా," అంది మల్లక్క. సిద్దిరాములు భార్య సుగుణ పీట తెచ్చి వేసినా ఆమె కూర్చోలేదు. "నేనొచ్చినట్టు మా ఆయనకు తెల్వదు. తెలిస్తే రానియ్యడు."

"ఏమైందమ్మా?"

"మాఘమాసంల పత్తి జిన్నింగు మిల్లుల మిషన్ల చెయ్యి వడ్డది. ఎడమ చేతివి రెండు వేళ్లు తెగినయి, చిటికెన వేలు, దాని పక్కది. నెల దినాలు దవాఖానల ఉన్నడు." ఎన్నోసార్లు ఎందరికో చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటల్లా చెప్పింది. "ఇగ మిల్లోళ్లు రానిస్తలేరు. కూలికి ఎవ్వలు పిలుస్తలేరు. మీ తాన చేసిన పనే చేయగలుగుతడు. తుడుసుడు, సదురుడు, గంట గొట్టుడు. పెద్దసారు కాడికి వోయి బతిమాలిన. 'సిద్దిరాములు రాసిచ్చిండు, నేనేం జేయాలె. ఆయనే మల్ల చూసి కట్టయ్య తప్పు లేదని రాస్తె తీసుకుంట' అన్నడు."

సిద్దిరాములు ముఖానికున్న నురగ తుడుచుకున్నాడు. సగం గడ్డం అలాగే ఉండిపోయింది.

"ఆయన నీళ్లు వోయలేదన్నా. పెనిమిటని జెప్తలేను. ఒక్కపారి ఆ పెట్టె ఇప్పి సూడు. తప్పుంటె తప్పని జెప్పు, మల్ల నీ గడప తొక్క."

తాళంచెవుల గుత్తి తీసుకుని, అలా సగం గడ్డంతోనే సిద్దిరాములు సైకిలెక్కాడు.

ఆ పెట్టె అంటే ఆసిలోస్కోపు. హైదరాబాదులో ఏదో ల్యాబు మూసేస్తూ వేలం వేస్తే ఎనభై ఒకటో సంవత్సరంలో కిషన్ రావు గారు కొనుక్కొచ్చారు. అప్పటికే దాని వయసు పాతికేళ్లు. ఒక్కడు ఎత్తలేని బరువు. లోపల ట్రాన్సిస్టర్లు కాదు, అన్నీ వాల్వులు. స్విచ్చి వేస్తే సన్నగా పంకా తిరిగి, వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడి, అర్ధగంటకు గాని కుదుటపడేది కాదు. అప్పుడు గుండ్రటి అద్దం మీద పచ్చటి గీత ఒకటి వచ్చి నిలబడేది. కరెంటును కళ్లతో చూడటం అంటే ఏమిటో వరంగల్‌లో చాలామంది పిల్లలకు ఆ గీతే చూపించింది. దానికి గీతల పెట్టె అని పేరు పెట్టినవాడు కట్టయ్య.

కట్టయ్యకు చదువు రాదు. కానీ ఆ గీత ముఖం చూసి దాని ఆరోగ్యం చెప్పేవాడు. కిందటేడు మిరుగు కార్తె పోయి మొదటి వానలు పడ్డప్పుడు, "సారూ, ఇయ్యాల గీత వణుకుతాంది, జర కురచ గూడ అయింది" అన్నాడు. ఊళ్లో కరెంటే అలా ఉంది పొమ్మన్నాడు సిద్దిరాములు. మెకానిక్ తానుండగా రోగం కనిపెట్టడానికి అటెండరెవడు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నవ్వాడు కూడా.

శ్రావణంలో ఒకరోజు, పాఠం కోసం స్కోపు వేడెక్కనీ అని స్విచ్చి వేసి, సిద్దిరాములు చాయ్ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పెట్టె పైచిల్లుల్లోంచి పొగ. కట్టయ్య ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క బల్ల మీద నీళ్ల బకెట్టు, తడిగుడ్డ. బల్లలు తుడుస్తున్నాడట. మూత విప్పి చూస్తే లోపల నీళ్లు జారి ఎండిన మరక. సాయంత్రానికి సిద్దిరాములు రిపోర్టు రాసిచ్చాడు.

"యంత్రము లోపల నీరు దిగిన మరక ఉన్నది. ఆ సమయమున గదిలో అటెండరు కట్టయ్య ఒక్కడే ఉన్నాడు. అతని వద్ద నీళ్ల బకెట్టు ఉన్నది. నీరు పడుటవలననే యంత్రము కాలినట్లు భావించుచున్నాను."

నాలుగు వాక్యాలు. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ రోజు ఆ మరక ఎప్పటిదని మాత్రం అతను తనను తాను అడుక్కోలేదు. ముట్టుకుంటే పొడిగా తగిలింది, ఆ సంగతి కూడా రాయలేదు.

ఏడాదిగా స్కోపు మూల బల్ల మీద గుడ్డ కప్పుకుని పడి ఉంది. సిద్దిరాములు గుడ్డ తీశాడు. ముందు పలక మీద స్విచ్చి పక్కన పాత కుంకుమ బొట్టు ఒకటి ఇంకా మిగిలి ఉంది. అలవాటు కొద్దీ దాన్ని తుడవకుండా, పక్క పలకల మరలు విప్పాడు.

ఇలాంటి పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి జేబులో ఉండాలి. అయిదు వందల వోల్టులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తే దారిలో గుండె ఉంటుంది. ఆ మాట అతను ప్రతి బ్యాచికీ చెప్పేవాడు. వింటూ మూల నిలబడే కట్టయ్య, పెట్టె తుడిచేటప్పుడు కూడా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. అది గుర్తొచ్చి సిద్దిరాములు జేబులోని తన చేతిని ఒకసారి పిడికిలి బిగించాడు. అయిదు వేళ్లూ ఉన్నాయి.

ఫ్యూజు కొత్తది వేసి, ముందు జాగ్రత్తగా రెండు వందల వాట్ల బల్బును దారిలో కలిపి స్విచ్చి వేశాడు. లోపల ఎక్కడైనా తీగలు కలిసి షార్టయి ఉంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, పెట్టెకు దెబ్బ తగలదు. బల్బు ఒక్కసారి భగ్గుమని, తర్వాత తగ్గింది. పరవాలేదు. బల్బు తీసేసి నేరుగా కరెంటిచ్చాడు. పంకా తిరిగింది, వాల్వులు ఎర్రబడ్డాయి. చాలాసేపటికి అద్దం మీద గీత వచ్చింది. కురచగా, కిందికి దిగి, చలికి ముడుచుకున్నట్టు వణుకుతోంది. కట్టయ్య చెప్పిన గీతే అది.

ఏ మెకానిక్ అయినా ముందు కండెన్సర్లనే అనుమానిస్తాడు. పాతబడితే ఎండిపోతాయి. సిద్దిరాములు కూడా మధ్యాహ్నం దాకా వాటి వెంటే పడ్డాడు. ఒక్కోదానికి జోడుగా కొత్తది తగిలించి చూశాడు. గీత వణుకు మానలేదు. బయట రేకుల మీద వాన ఎడతెగకుండా కొడుతోంది. సుగుణ పంపిన సద్ది గిన్నె మూత కూడా తియ్యలేదు.

ఆ పెట్టెలో కరెంటు అయిదు దారులుగా చీలుతుంది. మీటరు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. వంద వోల్టులుండాల్సిన చోట ఎనభై ఎనిమిది. రెండు వందల ఇరవై అయిదు చోట రెండు వందలకు కాస్త తక్కువ. మూడు వందల యాభై చోట మూడు వందల ఎనిమిది. కాగితం మీద లెక్క వేసి చూసి పెన్సిలు కింద పెట్టాడు. ఒకటి చెడిపోతే ఒకటే చెడిపోవాలి. అన్నీ ఒకే పాలున తగ్గాయంటే రోగం వీటిది కాదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

ఆవు ఏదో అతనికి తెలుసు. మైనస్ నూటయాభై. మిగతా నాలుగూ తమ కొలత దాన్ని చూసే దిద్దుకుంటాయి. అక్కడ ముల్లు నూటముప్పై రెండు దగ్గర ఆగింది.

ఇక ఆ ఒక్క దారి పట్టుకున్నాడు. దానికి ఆధారమైన చిన్న వాల్వు ఊదారంగులో నిలకడగా వెలుగుతోంది. కొలిస్తే సరిగ్గా ఉంది. స్విచ్చి ఆపి, కండెన్సర్లలో దాగిన కరెంటును తీగతో దింపేసి, కొలత పంచే రెసిస్టర్లను ఒక్కోటే సోల్డరు విడదీసి చూశాడు. మొదటిది మంచిది. రెండోదీ మంచిదే. మళ్లీ బిగిస్తే మళ్లీ నూటముప్పై రెండు. ఏ మనిషినడిగినా మంచివాడే, ఊళ్లో మాత్రం దొంగతనం జరుగుతోంది.

రెండో రెసిస్టరును పూర్తిగా ఊడదీశాడు. అది కూర్చునే పింగాణీ పట్టీ మీద రెండు గాడులు ఖాళీగా మిగిలాయి. ఎందుకో ఆ ఖాళీ మీదే మీటరు పెట్టాడు. అక్కడ ఏమీ లేదు. పింగాణీ కరెంటు మొయ్యదు. ముల్లు కదలకూడదు.

ముల్లు కదిలింది.

వంగి, ఆ పట్టీ మీద నోటితో నెమ్మదిగా ఊదాడు. ముల్లు ఇంకా పైకి లేచింది. టేబుల్ లైటు దగ్గరికి జరిపి వేడి తగలనిచ్చాడు. పది నిమిషాల్లో ముల్లు మెల్లగా దిగి పడుకుంది. మళ్లీ ఊదాడు. మళ్లీ లేచింది. చెమ్మ తగిలితే రోగం, ఎండ తగిలితే ఆరోగ్యం. అందుకే చలికాలం, ఎండకాలం అంతా బాగున్న గీత మొదటి వానలకు వణకడం మొదలుపెట్టింది. సామానులో తప్పు లేదు. సామానుకూ సామానుకూ మధ్య ఏదో పొర పేరుకుని ఉంది.

మామూలు నీళ్లయితే ఎండితే పోతాయి. ఇది ఏడాది దాటినా పోలేదు.

భూతద్దం తెచ్చుకుని చూశాడు. పైచిల్లుల నుంచి ఒక చార పట్టీ మీదుగా జారింది. ఒక కొసన, అయిదు వందల వోల్టులు ఆనే చోట, నల్లగా మాడి గాడి పడింది. ఆనాటి పొగ అక్కడిదే. మిగతా చార పసుపుపచ్చగా, ముసురు చెమ్మకు జిగటగా ఉంది. సూదితో గీకి వాసన చూశాడు. మాడిన బెల్లం వాసన. చార అంచున ఎర్రటి నలుసు, కుంకుమ. దాని పక్కన పింగాణీకి అతుక్కుని వెంట్రుకంత సన్నటి గోధుమరంగు పోగు. చిమటాతో లాగి వెలుతురులో పెట్టాడు.

కొబ్బరి పీచు.

సిద్దిరాములు స్టూలు మీద కూలబడ్డాడు.

రెండేళ్ల కిందటి దసరా. స్కోపు వచ్చిన మొదటి పండుగ. షెడ్డులో పటకారులు, సోల్డరింగు ఐరన్లు, మీటర్లు ఎర్రగుడ్డ మీద పేర్చి, నడుమ స్కోపును పెట్టి ఆయుధపూజ చేశారు. సిద్దిరాములు సాలె కులంలో పుట్టినవాడు. వాళ్ల నాయన ప్రతి దసరాకూ మగ్గానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మగ్గం మీదే ఓరగా పోసేవాడు. పనిముట్టు తాగితేనే పూజ ముట్టినట్టని ఆయన నమ్మకం. సిద్దిరాములు అలాగే చేశాడు. స్కోపు పక్కనే కాయ కొట్టి, రెండు చిప్పల నీళ్లూ దాని నెత్తిన పోశాడు. మగ్గం కట్టెది, తాగి ఊరుకుంది. ఇది కట్టె కాదు.

అప్పుడు కట్టయ్య తన భుజం మీది తువాలు తీసి ముందుకొచ్చాడు. "సారూ, లోపటికి పోతయేమో. జర గుడ్డ గప్పుదమా?" అన్నాడు. అందరి ముందూ సిద్దిరాములు కసిరాడు. "తల్లికి ముసుగేస్తవా? దేవుని నీళ్లు ఏం జేస్తయి? నీ పని నువ్వు చూసుకో." కట్టయ్య తువాలు మళ్లీ భుజాన వేసుకుని వెనక్కి జరిగాడు.

పీచు చిమటా కొసన వేలాడుతోంది. నాలుగు వాక్యాల కాగితం. కట్టయ్య మూట కట్టుకుని నర్సంపేట బస్సెక్కడం. జిన్నింగు మిల్లు. రెండు వేళ్లు. అన్నిటికీ మూలం తన చేతిలోని రెండు కొబ్బరి చిప్పలు. సిగ్గుతో ఆ ఖాళీ షెడ్డులో కూడా అతను తల ఎత్తలేకపోయాడు.

బాగు చేయడం అరగంట పని. స్పిరిటులో దూది ముంచి పట్టీ అంతా తుడిచాడు. మాడిన గాడి దగ్గర తీగను విడదీసి పక్క గాడికి మార్చాడు. ఈ పింగాణీకి మామూలు సోల్డరు పనికిరాదు, వెండి కలిసింది కావాలి. పెట్టె చేసినవాళ్లు ఆ తీగను ఒక చిన్న చుట్టగా చుట్టి లోపల మూలకు తగిలించి ఉంచారు. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని, ఎన్నాళ్లకో ఎవడో విప్పుతాడు, వాడికి ఇది కావాలి అని తలచినవాళ్లు. ఆ తలంపులో ఆవగింజంత కూడా తనకు, రోజూ కళ్లముందు మెదిలే కట్టయ్య మీద కలగలేదు.

మైనస్ నూటయాభై కచ్చితంగా నిలబడింది. దూడలన్నీ గట్టెక్కాయి. పచ్చటి గీత అద్దం మీద నిటారుగా, వణకకుండా ఉంది.

ఇక రిపోర్టు రాయాలి. కాగితం తీసి, కలం మూత తీసి, చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు రాస్తే కట్టయ్య నౌకరి కట్టయ్యకు వస్తుంది. కానీ ఇన్‌స్ట్రక్టరు పోస్టుకు తన పేరు కిషన్ రావు గారి బల్ల మీద ఉంది. పధ్నాలుగేళ్లుగా ఎదురుచూసిన పోస్టు. పూజ చేసి యంత్రాన్ని కాల్చి, ఆ నేరం అటెండరు మీద తోసినవాణ్ని పాఠం చెప్పమని ఎవరు నిలబెడతారు? అప్పుడు చెత్త డబ్బాలోని పాత కండెన్సరు ఒకటి అతని కంటపడింది.

"మరల పరిశీలించగా, ఒక కండెన్సరు కాలము చెల్లి చెడిపోవుటవలన యంత్రము కాలినట్లు తేలినది. నీటి మరక అని మొదట వ్రాసినది పొరపాటు. అటెండరు కట్టయ్య తప్పు ఏమియు లేదు."

ఈసారి మూడే వాక్యాలు. చివరి వాక్యం నిజం. ఆ ఒక్క నిజం కోసమే మిగతావి రాశానని తనకు తాను చెప్పుకున్నాడు. కర్ర విరగలేదు, పాము చచ్చింది. ఆ పీచును మాత్రం పారేయలేక, కాగితంలో మడిచి పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాడు.

కిషన్ రావు గారు చదివి కళ్లజోడు తీశారు. "పాతబడి పోయిందంటవ్. అంటే ఎవరి తప్పూ లేదు."

"లేదు సార్."

"మంచిదైంది. మనసుల ముల్లు లెక్క ఉండె. కట్టయ్యకు కబురు పంపు. నీ కాగితం గూడ దసరా పోయినంక సంతకం చేస్త."

ఆ పై సోమవారానికి కట్టయ్య వచ్చాడు. చిక్కిపోయాడు. లోపలికి రాగానే స్కోపు దగ్గరికి వెళ్లి, గీతను చూసి, తల ఊపాడు. గుడ్డను ఎడమ చేతి మూడు వేళ్లతో పట్టడం ఇంకా అలవాటు కాలేదు, రెండుసార్లు జారిపోయింది.

"మీరు మల్ల ఇప్పి చూసిండ్రంట సారూ. మల్లక్క జెప్పింది. మీ మేలు మరువ."

సిద్దిరాములు ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేది. కట్టయ్య రోజూ దండం పెట్టేవాడు. మల్లక్క రెండుసార్లు మక్క కంకులు పంపింది. కాల్చి పెడితే సిద్దిరాములు ముట్టలేదు. "ఏమైంది నీకు, కంకులంటే పడి చస్తవు గద" అంది సుగుణ. పళ్లు నొస్తున్నాయన్నాడు. ఒకరోజు ల్యాబులో ఎవరో కొబ్బరి నూనె సీసా పగలగొడితే, ఆ వాసనకే అతని ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో నలభై రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

దసరా వచ్చింది. పండుగకు ముందురోజు షెడ్డు కడిగి, ముగ్గు వేసి, పనిముట్లు ఎర్రగుడ్డ మీద పేర్చారు. నడుమ స్కోపు. కొత్త బొట్టు, బంతిపూల దండ. కిషన్ రావు గారు, మాస్టర్లు, పిల్లలు అందరూ చుట్టూ నిలబడ్డారు. ఏటేటా లాగే కొబ్బరికాయ సిద్దిరాములు చేతికిచ్చారు.

కాయ చేతిలోకి రాగానే అతనికి చెమట పట్టింది. ఎక్కడ కొట్టాలి? దూరంగా కొడితే ఎందుకని అడుగుతారు. ఆ ఆలోచనలోనే నిలబడిపోయాడు.

ఇంతలో కట్టయ్య ముందుకొచ్చాడు. చంకలో ఏదో మడత. విప్పితే యూరియా సంచి. కుట్లు విప్పి, శుభ్రంగా ఉతికి, ఆరబెట్టి తెచ్చాడు. దాన్ని స్కోపు మీద పరిచి, పైచిల్లులన్నీ మూసుకునేలా నాలుగు వైపులా సర్దాడు. మూడు వేళ్ల చేత్తో అంచులు కింద దోపాడు. తర్వాత సిద్దిరాములు దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు గొట్టుండ్రి సారూ."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. కోపం లేదు. పనివాడు పనివాడికి చెప్పే జాగ్రత్త, అంతే. వీడికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తెలిసే రోజూ దండం పెట్టాడు.

అతను కాయను ఎర్రగుడ్డ మీద పెట్టేశాడు. పనిముట్ల పెట్టె తెరిచి, అడుగు నుంచి కాగితం పొట్లం తీసి, కిషన్ రావు గారి ముందు విప్పాడు.

"సార్, కండెన్సరు చెడిపోలేదు. అది నేను రాసిన అబద్ధం. రెండేండ్ల కింద ఇదే జాగల నేను దీని మీద కొబ్బరి నీళ్లు వోసిన. వాటితోనే కాలింది. ఇది దాంట్ల దొరికిన పీచు. కట్టయ్య ఆనాడే వద్దన్నడు, నేను కసిరిన. మొదటి రిపోర్టు తప్పు, రెండోదీ తప్పు. ఆయన చెయ్యి పోవుడుకు కారణం నేను."

కిషన్ రావు గారు ఆ పీచునే చూస్తూ ఉండిపోయారు. కోపం కన్నా అలసట ఎక్కువ కనబడింది ఆయన ముఖంలో. "పండుగ కానియ్యి. ఎల్లుండి నా రూముకు రా," అన్నారు. ఇన్‌స్ట్రక్టరు కాగితం మీద ఆ ఏడు సంతకం పడలేదు, ఆ మరుసటి ఏడూ పడలేదు. సిద్దిరాములు అడగనూ లేదు.

అప్పుడు మాత్రం అతను కట్టయ్య వైపు తిరిగాడు. "నీకు తెల్సు గదా?"

"ఎరికే సారూ. పొగ లేసిననాడే కొబ్బరి మాడిన వాసనొచ్చింది."

"మరి ఎందుకు జెప్పలే?"

"నేను జెప్తె ఎవలు నమ్ముతరు సారూ? దేవుని నీళ్లతోని చెడిపోయిందంటె నన్నే తిడుదురు. అది మీరు జెప్తెనే మాట అయితది." సంచి అంచు సర్దుతూ, "మీరు జెప్తరనుకున్న," అన్నాడు.

అనుకున్న. ఏడాదిపాటు, మిల్లులోనూ, దవాఖానలోనూ, అనుకుంటూనే ఉన్నాడన్నమాట. సిద్దిరాములుకు కళ్లు నిండాయి. నలుగురూ చూస్తున్నారని కూడా అనిపించలేదు. కాయ తీసి కట్టయ్యకు అందించాడు. "నువ్వు గొట్టు."

"మీరే గొట్టుండ్రి సారూ. నాకు ఎడమ చెయ్యి పట్టు తప్పుతాంది." తర్వాత నెమ్మదిగా, "బయట రాయి మీద గొడుదాం," అన్నాడు.

అందరూ గడప దాటి వచ్చారు. సిద్దిరాములు రాయి మీద కాయ కొట్టాడు. రెండు చిప్పలుగా విచ్చుకుంది. పూజ ముగిసి తీర్థం ఇచ్చేటప్పుడు ముందుగా కట్టయ్య దగ్గరికే వెళ్లాడు. కట్టయ్య దోసిలి పట్టాడు. చిప్ప వంచి నీళ్లు పోస్తే, వేళ్లు లేని సందులోంచి కారి నేలపాలయ్యాయి. సిద్దిరాములు రెండోసారి పోశాడు. మళ్లీ కారిపోయాయి.

అతను తన ఎడమ చేతిని కట్టయ్య దోసిలి కింద ఆనించి, మూడోసారి పోశాడు. కట్టయ్య తల వంచి తాగాడు.